ఆరంగుళాల టెలిస్కోపులో కృష్ణబిలం నక్షత్రాన్ని చీల్చేది కనిపిస్తుందా?

కొత్తగా ఆరంగుళాల టెలిస్కోపు కొన్నానని, పెద్ద కృష్ణబిలం నక్షత్రాన్ని చీల్చే ఘటన డాబా మీంచి చూడొచ్చా అని అడిగారు. కంటితో కనిపించదు. కెమెరా ఉంటే సంగతి వేరు. మాది మహారాష్ట్రలోని సిరోంచ, నాదీ ఆరంగుళాలదే. ఒకసారి చూసేశాననుకొని వాడలో పరువు పోగొట్టుకున్నాను, ముందు అదే చెప్తా.

2023 మే నెల. రాత్రి పదింటికి కూడా డాబా కాళ్లు కాలుస్తోంది, వాడంతా మంచాలు బయటే. సప్తర్షుల తోకలో వశిష్ఠుడు, అరుంధతి ఒక మూల, చివరనున్న మరీచి ఇంకో మూల అనుకుంటే, ముక్కోణం పూర్తయ్యే చోట ఎం101 గెలాక్సీ ఉంటుంది. మాకు ఉత్తరాన అంతా అడవే, ఆ దిక్కు చీకటి బాగుంటుంది. ఎప్పుడూ పొగమరకలా ఉండే దాంట్లో ఆ వారం సూదిమొనంత చుక్క మెరుస్తోంది. ఏదో వార్త సగం చదివి ఉన్నానేమో, వాడ పిల్లల్ని వరుసలో నిలబెట్టి "కృష్ణబిలం చుక్కను మింగుతోంది, చూడండిరా" అని చూపించాను. బాపు కూడా ఒంగి చూసి, "మింగుతే మాయం గావాలె గదా, మెరుసుడేంది?" అన్నాడు.

మర్నాడు బల్లార్షా మిత్రుడికి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాడు: చుక్క గెలాక్సీ నడిమధ్యన ఉందా, పక్కన ఉందా? పక్కనే ఉంది. అది ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్, మే 19న జపాన్‌లో ఇతగాకి అనే ఆయన పట్టుకున్న సూపర్‌నోవా. సొంతంగా పేలిపోయిన నక్షత్రం, ఎవరూ మింగలేదు. పిల్లల్ని మళ్లీ పిలిచి చెప్పుకోవాల్సి వచ్చింది.

అందుకని మొదట చూడాల్సింది చోటు. భారీ కృష్ణబిలం గెలాక్సీ నడుమ కూర్చుంటుంది, వెలుగూ అక్కడే రావాలి. రెండోది రంగు. సూపర్‌నోవా వారాల్లో చల్లారి ఎరుపెక్కుతుంది, కృష్ణబిలం చీల్చిన నక్షత్రపు వెలుగు నెలల తరబడి నీలంగానే ఉంటుంది.

బాపు ప్రశ్న మాత్రం సరైనదే. మింగాక వెలుగుండదు. మనకందేది నోట్లోకి పోకముందు వెలుగు. నక్షత్రానికి కృష్ణబిలం వైపున్న భాగాన్ని లాగే బలం అవతలి భాగాన్ని లాగే దానికంటే ఎక్కువ, ఆ తేడాకే అది చీలిపోతుంది. దాదాపు సగం దూరంగా విసిరేయబడుతుంది, మిగతాది పాయలా వెనక్కి తిరిగొచ్చి తనలో తాను గుద్దుకొని వేడెక్కుతుంది. ఖగోళ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం కాలం ఎనిమిదింతలయ్యేసరికి వెనక్కి పడే సరుకు ముప్పై రెండో వంతుకు తగ్గుతుంది. అసలు వెలుగు అచ్చం ఆ లెక్కనే పట్టుకొని నడవదనుకోండి. ఇంకో తమాషా, కృష్ణబిలం మరీ పెద్దదైతే ఏమీ కనిపించదు. దాని బరువు సూర్యుడికి 10 కోట్ల రెట్లు దాటితే సూర్యుడిలాంటి చుక్కను చీల్చకుండానే గుటుక్కున మింగేస్తుంది. ఎం87 అనే గెలాక్సీలోది 650 కోట్ల రెట్లు!

ఇక మన టెలిస్కోపు. ఆరంగుళాల్లో కంటికి 13వ మాగ్నిట్యూడ్ దాకా అందుతుంది (ఇది వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ చుక్క మసక). ఈ ఘటనలు దగ్గరివి కూడా మామూలుగా 16, 17 దగ్గరే ఉంటాయి, అంటే కనీసం పదిహేను రెట్లు మసక. పైగా ఒక గెలాక్సీలో పది వేల నుంచి లక్ష ఏళ్లకు ఒకసారి జరిగేది. అదృష్టం కోసం కూర్చోలేం. అయినా అద్దం చిన్నదని దిగులొద్దు. 29 కోట్ల కాంతి సంవత్సరాల అవతల జరిగిన ఇలాంటి ఘటన ఏఎస్ఏఎస్ఎస్ఎన్-14ఎల్ఐని 2014లో పట్టింది 14 సెంటీమీటర్ల లెన్సులే, మన ఆరంగుళాలకంటే చిన్నవి. వాటి వెనక మంచి కెమెరాలు, ప్రతి రాత్రీ ఆకాశాన్ని గాలించే ఓపిక ఉన్నాయి. 2022లో 850 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఇలాంటిదే ఇంకోటి, ఏటీ2022సీఎంసీ, వెలిగినప్పుడు లద్దాఖ్‌లో హాన్లేలోని 70 సెంటీమీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపూ, మా రాష్ట్రంలోనే ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ రేడియో డిష్షులూ దాన్ని వెంబడించాయి.

కాబట్టి ఆకాశంలో కొత్తగా వెలిగినవాటి జాబితా పెట్టే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ వెబ్‌సైటు తెరిచి టీడీఈ (కృష్ణబిలం నక్షత్రాన్ని చీల్చే ఘటనకు ఇంగ్లిష్ పొట్టి పేరు) అని గుర్తించినవాటిలో ప్రకాశవంతమైనది చూసుకోండి. తక్కువ ఎక్స్‌పోజర్ ఫొటోలు వందల్లో తీసి కలిపి, పక్క చుక్కలతో పోల్చి వెలుగు రాసుకోండి. వారానికోసారి, మూడు నెలలు. ఒక్క రాత్రి ఫొటోలో అది ఉత్త చుక్కే. నాలాగా మీదీ చేత్తో తోసే డాబ్సోనియన్ అయితే కెమెరాకు ఖర్చు పెట్టకండి, చుక్క జారిపోతూనే ఉంటుంది. మీది ఏ మౌంటో (టెలిస్కోపును నిలబెట్టి తిప్పే స్టాండు) చెప్పండి, దాన్నిబట్టి చూద్దాం.