తొడలు సన్నబడుతున్నాయి... ఈ క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 67. ఏడాదిగా తొడలు సన్నబడ్డాయి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నాను. తొడల్లో నొప్పి లేదు, బరువూ తగ్గలేదు, పొట్ట మాత్రం పెరిగింది. షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. వయసుతో కండరాల్లో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) పాడవుతుందని, దాన్ని బాగుచేసే క్యాప్సూల్స్ వచ్చాయని యూట్యూబ్‌లో చూశాను. వాడొచ్చా? మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా మెడికల్ షాపులో ఇచ్చే మాత్రల పొట్లం తప్ప వేరే మందులేవీ వాడను. అది వేసుకుంటే గంటలో హాయిగా ఉంటుంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరడిగింది క్యాప్సూల్ గురించి. నాకు టెన్షన్ పుట్టించింది మాత్రం చివర్లో రాసిన ఆ పొట్లం.

మైటోకాండ్రియా మాట నిజమే, కానీ జరిగేది అదొక్కటే కాదు. 30 దాటాక కండ పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతూ వస్తుంది, 60 తర్వాత ఇంకాస్త వేగంగా. కండరాన్ని నడిపే నరాల్లో కొన్ని చనిపోతాయి. గబుక్కున లేవడానికి పనికొచ్చే టైప్ 2 పోగులు ముందు చిక్కిపోతాయి. వాటిని మరమ్మతు చేసే శాటిలైట్ కణాలూ తగ్గుతాయి. తిన్న ప్రొటీన్‌లోని లూసిన్ అనే భాగం కణంలో ఎంటార్ అనే స్విచ్‌ను నొక్కితేనే కొత్త కండ తయారవుతుంది. పెద్ద వయసులో అదే భోజనానికి ఆ స్విచ్ మునుపటిలా స్పందించదు. ఇన్నింటినీ ఒక క్యాప్సూల్ సరిచేస్తుందనడానికి మనుషుల్లో గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇక పొట్లం. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, గంటలో హాయి, తొడలు తగ్గి పొట్ట పెరగడం, కొత్తగా షుగర్... ఇవన్నీ కలిపి చూస్తే అందులో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. పేరు లేని కీళ్లనొప్పుల మాత్రల్లో ఇది కొత్తేమీ కాదు. స్టెరాయిడ్ కండర కణంలోకి వెళ్లి ఫాక్సో అనే ప్రొటీన్‌ను రెచ్చగొడుతుంది. దాంతో మర్ఫ్-1, అట్రోజిన్-1 అనే ఎంజైములు పెరిగి, కండర ప్రొటీన్లకు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలిస్తాయి. గుర్తు పడినదాన్ని కణమే ముక్కలు చేసేస్తుంది. మరోపక్క ఎంటార్ కూడా అణగిపోతుంది. దెబ్బ ఎక్కువగా పడేది మళ్లీ ఆ టైప్ 2 పోగుల మీదే. వయసు నెమ్మదిగా చేసే పనిని ఇది నెలల్లో చేసిపెడుతుంది. నొప్పి ఉండదు, కండర కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైమ్ పరీక్ష కూడా సాధారణంగా నార్మల్‌గానే వస్తుంది. అందుకే అందరూ ముసలితనం అనుకుంటారు.

చదువుకున్న మీరు మైటోకాండ్రియా గురించి వెతికారు, రెండేళ్లు మింగిన మాత్ర పేరు మాత్రం అడగలేదు! అయితే ఇది చదివి రేపే మానేయకండి. ఇన్నాళ్లు వాడాక స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లంతో సహా ఫిజీషియన్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి. ఎలా తగ్గించాలో ఆయనే చెప్పాలి. థైరాయిడ్, విటమిన్ డి, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తారు. వయసుతో కండ, బలం తగ్గే సార్కోపీనియా కూడా తోడై ఉండొచ్చు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పడితే దాన్ని అనుమానిస్తాం. మీరు మాత్రం ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించకండి, పడతారు.

కండ తిరిగి రాదేమోనని బెంగ వద్దు. 1990లో బోస్టన్‌లో 90 ఏళ్ల వయసు వాళ్లతో 8 వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. మీరు ఫిజియోథెరపిస్ట్ దగ్గర మొదలుపెట్టండి. ప్రొటీన్ పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు మంచిదంటారు. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలతో సరిపోతుంది. కానీ క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా పౌడర్ల జోలికి వెళ్లొద్దు.

ఈలోగా జ్వరమో, ఆగని వాంతులో, కళ్లు తిరగడమో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, రెండేళ్లుగా ఈ పొట్లం వాడుతున్నట్టు డ్యూటీ డాక్టరుకు మొదటే చెప్పండి.