హోటల్ డక్టులకు రెండు గంటల అగ్నినిరోధకత

ప్రశ్న: విజయవాడలో ఐదంతస్తుల హోటల్ కడుతున్నాం. సెల్లార్‌లో పార్కింగ్, కింది అంతస్తులో వంటగది ఉంటాయి. ఈ రెండు చోట్ల నుంచి పొగను మేడపైకి పంపే డక్టులు గదులున్న అంతస్తుల గుండానే వెళ్లాలి. మామూలు జీఐ (జింకు పూత వేసిన ఇనుప రేకు) డక్టుకు రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూది లాంటి పీచు) చుట్టి, పైన ఫైర్ పెయింట్ వేస్తే రెండు గంటలు ఆగుతుందని కాంట్రాక్టరు అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ మాట మీద పని మొదలుపెట్టకండి. రాక్‌వూల్ మండదన్నది నిజమే కానీ, అది మండకపోవడం వేరు, డక్టు రెండు గంటలు నిలబడడం వేరు. పరీక్ష జరిపే కొలిమిలో ఉష్ణోగ్రత అరగంటకే 840 డిగ్రీల సెల్సియస్ దాటి, రెండు గంటలకు 1,050 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. ఉక్కు మాత్రం 600 డిగ్రీలకే దాదాపు సగం బలం కోల్పోతుంది. డక్టును మోసే హ్యాంగర్ రాడ్లు సాగితే డక్టు కుంగుతుంది, అతుకులు విడిపోతాయి, గోడ దాటే చోట సందు పడి, పొగ పక్క గదిలోకి చొరబడుతుంది. అందుకే రేటింగ్ (మంటకు ఇంతసేపు ఆగుతుందన్న ధ్రువీకరణ) అనేది రేకుకో పైపూతకో ఇచ్చేది కాదు. రేకు, అతుకులు, గ్యాస్కెట్లు, హ్యాంగర్లు, గోడ దగ్గరి సీలింగ్ అన్నీ కలిపి పరీక్షించిన నిర్మాణానికి ఇచ్చేది.

మంట డక్టు బయట ఉంటుందా, లోపల ఉంటుందా అన్నది రెండో ప్రశ్న. డక్టుల అగ్నిపరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 6944 ఈ రెండింటినీ వేర్వేరుగా పరీక్షిస్తుంది. వంటగది డక్టులో పేరుకున్న నూనె జిడ్డే అంటుకోవచ్చు కాబట్టి, లోపలి మంటకు నెగ్గిన డక్టునే తీసుకోవాలి. అతుకులు వెల్డింగ్ చేయాలి, శుభ్రం చేసే తలుపులకూ అదే రేటింగ్ ఉండాలి. సెల్లార్ పొగ డక్టు సంగతి వేరు: అది మంటల సమయంలోనే పనిచేయాలి. దానిలో 72 డిగ్రీలకు పట్టి ఉంచే లోహపు లింక్ కరిగి మూసుకుపోయే మామూలు ఫైర్ డ్యాంపర్ (డక్టు లోపలి తలుపు) పెడితే, సరిగ్గా అవసరమైన వేళ దారి మూసినట్టే. వంటగది డక్టులోనూ అలాంటిది పెట్టకూడదు. పొగ లాగే ఫ్యాను 250 డిగ్రీల వద్ద 120 నిమిషాలు నడిచేదై ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 చెబుతోంది.

మీ భవనానికి మా సలహా ఒకటి. నిలువుగా వెళ్లే భాగానికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడతో రెండు షాఫ్టులు, వంటగదికి ఒకటి, సెల్లార్‌కు ఒకటి, వేర్వేరుగా కట్టించండి. అప్పుడు ఖరీదైన రేటెడ్ డక్టు ప్రధానంగా అడ్డంగా వెళ్లే భాగానికే అవసరమవుతుంది. ఎంత పొడవు తగ్గించవచ్చో మీ ఫైర్ కన్సల్టెంటుతో లెక్క వేయించండి.

కాంట్రాక్టరు చూపే సర్టిఫికెట్‌లో డక్టు సైజు, అది నిలువుగా వేలాడిందా అడ్డంగా ఉందా, మంట ఏ వైపు నుంచి పెట్టారు అన్నవి చదవండి. అడ్డంగా పరీక్షించిన ఫలితం నిలువు డక్టుకు చెల్లదు. ఫాల్స్ సీలింగ్ మూయకముందే హ్యాంగర్ల మధ్య దూరాన్ని, రాడ్ల మందాన్ని ఆ సర్టిఫికెట్‌తో వచ్చిన డ్రాయింగుతో సరిచూడండి. మూశాక వాటిని చూడడానికి దారి ఉండదు.