లైటు మెల్లగా పెంచు, అమ్మలూ

బరంపురం

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి ఇంట్లో నువ్వు సముద్రపు పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టె పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా ఇష్టం నీకూ అబ్బిందని గుండె నిండింది. ఆ వెంటనే తడి చేతులతో స్విచ్చులు ముట్టుకునే నీ అలవాటు గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు.

అందుకే ముందు ఆ మాట. ఉప్పునీరు వైరు వెంట జారుతూ ప్లగ్గు దాకా పోతుంది. వైరు ప్లగ్గుకంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా వంపు ఉంచు. కరెంటు లీకైతే ఆపేసే బ్రేకరు పెట్టించకుండా తొట్టెలో నీళ్లు పోయవద్దు. ఇందులో నాతో వాదించకు.

నీలం, తెలుపు విడివిడిగా తగ్గించుకోగల ఎల్‌ఈడీ కొను. పగడం ఒంట్లో ఉండి దానికి తిండి చేసిపెట్టే నాచుకు నీలి కాంతే ముఖ్యం. బాగా వేడెక్కే మెటల్ హాలైడ్ దీపం వద్దు, మన వేసవిలో నీరు 26 డిగ్రీల దగ్గర నిలవదు. రాతి పగడాల జోలికి పోకు, అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. రాతి గూడు లేని మెత్తటి పుట్టగొడుగు పగడాలతో మొదలుపెట్టు. అవి ఎక్కడివో అడిగి కొను.

ఇక నా తప్పు విను. నేను తెచ్చిన మొదటి పుట్టగొడుగు పగడం ముదురు ఎరుపు, అరచేయంత. అంచు చెవి తమ్మెలా మెత్తగా ఉండేది. వారంలో గోధుమరంగుకు తిరిగింది. వెలుగు చాలలేదనుకుని కొత్త లైటు తెచ్చి, మొదటి రోజే పూర్తి ప్రకాశంతో పన్నెండు గంటలు వెలిగించాను. మూడో రోజుకు అంచులు ముడుచుకుని, ఒళ్లు లేత గులాబీకి తిరిగింది. రంగు వస్తోందని సంబరంగా మీ అత్తయ్యను పిలిచి చూపించాను. అది రంగు కాదమ్మా, లోపలి నాచు పోవడం. వెలుగు మితిమీరితే ఆ నాచే పగడానికి విషమవుతుంది, పగడం దాన్ని బయటికి నెట్టేసి ఆకలితో ఉంటుంది. తర్వాతి వారానికి గంజిలా తెల్లబడి రాయి మీది నుంచి జారిపోయింది. ఆ రాయి ఇప్పటికీ తులసికోట పక్కనే ఉంది. మీ అత్తయ్య పారేయనివ్వలేదు.

నువ్వు 30 శాతంతో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచు. రోజుకు ఎనిమిది గంటలు, టైమరుతో. పగడాన్ని అడుగున ఉంచు. అంచులు ముడుచుకుంటే పెంచడం ఆపు.

2013లో పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. వెలుగు లేకపోయినా పగడం కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. నీటిలో గాలి ఆడకపోతే చేపలు ఓర్చుకోవు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొనిపెట్టుకో.

వెలుగు కొలిచే మీటరు నా దగ్గర ఉంది, దసరాకు తెస్తాను. అంతవరకు లైటును సగం దాటనివ్వకు. చేతులు తుడుచుకో.

మీ మామయ్య