జీతం లేని సెలవా, రాజీనామానా?

ప్రశ్న: నెల్లూరు జిల్లా ముత్తుకూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. జీతం 28,000 రూపాయలు, అందులో బేసిక్ 16,000. సర్వీసు 4 ఏళ్ల 4 నెలలు. నాన్నగారికి పక్షవాతం వచ్చింది, దగ్గరుండి చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. మూడు నెలలు సెలవు పెట్టాలి. నా ఖాతాలో ఆర్జిత సెలవులు 22 ఉన్నాయి. మిగతా రోజులకు జీతం ఉండదంటున్నారు. అంతకంటే రాజీనామా చేసి పీఎఫ్‌లో ఉన్న లక్షన్నర తీసుకోవడమే మేలని బంధువులు చెబుతున్నారు. ఈఎస్ఐ నుంచి ఏమైనా వస్తుందా? ఇంటి రుణం వాయిదా 9,400 రూపాయలు.

జవాబు: రాజీనామా ఆలోచనను పక్కన పెట్టండి. ముందుగా మీకు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే సొమ్ము, పోతుంది. దానికి 5 ఏళ్ల నిరంతర సర్వీసు ఉండాలి, మీకు ఇంకా 8 నెలలు తక్కువ. యాజమాన్యం ఆమోదించిన సెలవు, జీతం లేనిదైనా సరే, సర్వీసులో విరామం కాదు కాబట్టి తిరిగి చేరిన 5 నెలలకే మీకు ఆ అర్హత వస్తుంది. ఏడాదికి 15 రోజుల బేసిక్ వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగడితే, అప్పటికి మీకు రావలసినది సుమారు 46,150 రూపాయలు. రెండోది పీఎఫ్. ఉద్యోగం మానేసిన మర్నాడే ఆ సొమ్ము మొత్తం చేతికి రాదు. పైగా 5 ఏళ్లు నిండకముందు 50,000 రూపాయలకు మించి తీస్తే 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోస్తారు, ఆ మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. తల్లిదండ్రుల చికిత్స కోసమైతే ఉద్యోగంలో ఉంటూనే యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబరు) ద్వారా పీఎఫ్ నుంచి కొంత తీసుకునే వీలుంది. బంధువుల సలహాలో ఈ సంగతి ఎందుకో ఎప్పుడూ ఉండదు.

అయితే జీతం లేని సెలవు ప్రైవేటు ఉద్యోగికి సాధారణంగా హక్కు కాదు, అది కంపెనీ నిబంధనలనూ యాజమాన్యం అంగీకారాన్నీ బట్టి ఉంటుంది. మేనేజరు నోటిమాటగా సరేనన్నారని ఇంటికి వెళ్లిపోతే, ఆ మేనేజరు మారిన రోజున మీది అనుమతి లేని గైర్హాజరుగా మిగిలే ప్రమాదం ఉంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులు ఆర్జిత సెలవు, ఎన్ని రోజులు జీత నష్టపు సెలవు, తిరిగి అదే హోదాలో చేరే తేదీ ఏది అన్నవి స్పష్టంగా రాసి, హెచ్ఆర్ నుంచి లిఖితపూర్వక ఆమోదం తీసుకోండి. మెయిల్ అయినా చాలు.

ఆర్జిత సెలవులను ముందు వాడుకోండి. మధ్యలో వచ్చే ఆదివారాలను సెలవులో కలపకపోతే ఆ 22 రోజులతో దాదాపు మొదటి నెల గడిచిపోతుంది, కలుపుతారో లేదో ముందే అడగండి. తర్వాతి నెలలో కొన్ని రోజులకే కోత పడితే, కోత లెక్క కూడా చూసుకోవాలి: నెలను 30 రోజులుగా తీసుకునే కంపెనీ రోజుకు 933 రూపాయలు, 26గా తీసుకునేది 1,077 రూపాయలు తగ్గిస్తుంది. జీతం రాని నెలలో పీఎఫ్ చందా కూడా జమ కాదు. రెండు నెలలకు 56,000 రూపాయల జీతం, దానితోపాటు బేసిక్ మొత్తంపై 12 శాతం చొప్పున కడుతుంటే యజమాని వాటా 3,840 పోతాయి. పాత నిల్వపై వడ్డీ మాత్రం ఆగదు. గ్రూపు ఆరోగ్య బీమా ఉండి, దాని ప్రీమియం మీ జీతం నుంచే కోస్తుంటే, ఆ రెండు నెలలూ అది ఎవరు కడతారో ఆమోదపత్రంలోనే రాయించండి. మీ నాన్నగారి పేరు ఆ పాలసీలో ఉంటే దీన్ని అసలు వదలకూడదు.

ఈఎస్ఐ మీకు వర్తించదు, దాని వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు. ఆ పరిధిలో ఉన్నవారికి కూడా వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు ఇచ్చే అనారోగ్య భృతి సొంత జబ్బుకే గాని, తల్లిదండ్రుల సేవకు పెట్టిన సెలవుకు కాదు.

ఇక వాయిదా. సెలవులో ఉన్నారని బ్యాంకు దాన్ని ఆపదు, ఒక్కటి తప్పినా క్రెడిట్ స్కోరు మీద మచ్చ పడుతుంది. ముందుగా బ్రాంచికి వెళ్లి పరిస్థితి చెప్పండి, కానీ మినహాయింపు వస్తుందన్న ఆశతో లెక్క వేసుకోకండి. సొమ్ము తక్కువైతే ఇంట్లోని బంగారం మీద బ్యాంకు రుణం తీసుకోండి. బయట అప్పులో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు బంగారు రుణంలో సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. చీటీ పాటలో ఎక్కువ తగ్గించి పాడి ఎత్తుకోవడం కూడా నాకు నచ్చదు, ఎందుకంటే నెలనెలా కట్టాల్సిన చందా సెలవులోనూ వెంటాడుతుంది.

సెలవుకు ముందే నాలుగు వాయిదాలకు సరిపడా 37,600 రూపాయలు విడిగా ఉంచండి. సెలవు మూడు నెలలే అయినా, చేరిన తర్వాత మొదటి పూర్తి జీతం ఆ నెల గడిచాకే వస్తుంది, నాలుగో వాయిదా తేదీ మాత్రం అంతకుముందే వచ్చేస్తుంది.