మిశ్రమ తోటలో సిల్వర్ ఓక్ పైనుంచి ఎండుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: ఆనేకల్ దగ్గర మూడెకరాల ఎర్ర నేలలో 2016లో టేకు, సిల్వర్ ఓక్, శ్రీగంధం, కానుగ కలిపి నాటాను. 2024 ఎండల తర్వాత సిల్వర్ ఓక్ చిటారు నుంచి ఎండుతోంది. టేకు లావెక్కడం ఆగింది. తర్వాత వానలు బాగానే పడ్డాయి కదా, మరి ఇంకా ఎందుకిలా? గాలిలో కార్బన్ పెరిగితే చెట్లు త్వరగా పెరుగుతాయని కూడా విన్నాను. మిగతావన్నీ కొట్టేసి గంధం ఒక్కటే ఉంచుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక రైతు, బెంగళూరు

జవాబు: ముందుగా ఒక్క మాట, దయచేసి కానుగ జోలికి వెళ్లకండి. శ్రీగంధం తన వేళ్లను పక్క చెట్ల వేళ్లకు అతికించి నీళ్లు, పోషకాలు లాక్కునే చెట్టు. గంధం మొదలుకు కాస్త దూరంలో చేత్తో మట్టి మెల్లగా తీసి చూడండి, గంధం వేరు కానుగ వేరును చిన్న బుడిపెతో పట్టుకుని ఉండటం కనబడుతుంది. కానుగ కొట్టేస్తే ఆ ఊట పోతుంది. గంధం ఒక్కటే మిగిలిన తోట మొదటి గట్టి ఎండాకాలానికే డీలా పడుతుంది.

ఇక వానలు పడ్డా ఎందుకు ఎండుతోందంటే, చెట్టు కరువు దెబ్బను ఆలస్యంగా చూపిస్తుంది. 2023లో కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలయ్యాయి. ఆ వెంటనే 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో 38.5 డిగ్రీలు. నేలలో తడి లేక, పైన పొడి గాలి ఆకుల్లోంచి నీటిని లాగేస్తుంటే కాండంలోని నీటి గొట్టాల్లో గాలి బుడగలు చేరి కొన్ని మూసుకుపోతాయి. దాచుకున్న పిండిపదార్థం ఖర్చయిపోతుంది. ఆ నీరసం మీద కాండం తొలిచే పురుగు వాలుతుంది. మన బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్లు తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్లలో 1988 నుంచి చెట్టు చెట్టునూ కొలుస్తున్నారు. అక్కడ కూడా వాన తగ్గిన రెండు మూడేళ్లకు చావులు పెరగడం చూశారు.

మీ నాలుగు రకాలూ దెబ్బను ఒకేలా తినలేదు. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి వచ్చింది, నీరు చాలనప్పుడు అందరికంటే దూరంగా ఉన్న చిటారు కొమ్మకే ముందు కొరత. టేకు ఆకు రాల్చి ప్రాణం కాపాడుకుంటుంది, ఆ ఏడాది లావు మాత్రం వదులుకుంటుంది. కానుగ వేళ్లు లోతుకు పోతాయి కాబట్టి తట్టుకుంది. అందుకే అన్నీ ఒకేసారి పోలేదు. కలిపి నాటడం మీరు చేసిన మంచి పని.

కార్బన్ (అంటే కార్బన్ డయాక్సైడ్ వాయువు) మాట సగమే నిజం. ఆకుకు అది ఆహారమే. కానీ ఎండకు ఆకు తన రంధ్రాలు మూసుకుంటే అది లోపలికి పోయేదెలా? పైగా రాత్రుళ్లు వేడిగా ఉంటే పగలు తయారైన చక్కెర ఊపిరికే ఎక్కువ ఖర్చవుతుంది.

ఎండిన కొమ్మ బెరడు గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది, వదిలేయండి. గీకితే కాండం సగం దాకా గోధుమ రంగు తేలిన సిల్వర్ ఓక్‌లు మాత్రం పురుగుకు ఇల్లవుతాయి, అనుమతి అవసరమా అని అటవీ శాఖను అడిగి తీసేయించండి. ఆ ఖాళీల్లో జూన్ వానకు కంది వేయండి, గంధానికి ఆసరా. పక్కనే వేప, ఉసిరి నాటండి. వరుసల మధ్య లోతు దుక్కి ఆపేయండి, వేళ్లు తెగుతాయి. రాలిన ఆకు కాల్చకండి, మొదలుకు జానెడు దూరం వదిలి పరచండి. వాలుకు అడ్డంగా కందకాలు వానలకు ముందే తీయించండి. మార్చి నుంచి మే దాకా రోజూ కొంచెం నీళ్లకంటే పది పదిహేను రోజులకోసారి లోతుగా తడపడం మేలు.

రకానికి పది చెట్లకు ఛాతీ ఎత్తున పెయింట్ గీత గీసి, దర్జీ టేపుతో చుట్టుకొలత రాసి పెట్టుకోండి. ఎండాకాలంలో కాండం కొద్దిగా కుంచించుకుపోతుంది, అందుకని ఏటా జనవరిలోనే కొలవండి. రెండేళ్ల లెక్క చేతికొచ్చాక, ఆ పుస్తకం పట్టుకుని ఒకసారి రండి. ఏ టేకును పలచన చేయాలో అప్పుడు కూర్చుని తేల్చుకుందాం.