కసిమి ఊరేదాకా

చిట్టితల్లికి మేనత్త దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. కలంకారీ నేర్చుకోడానికి శ్రీకాళహస్తి వస్తున్నావని మీ నాన్న చెప్పాడు. కడుపు నిండినట్టయింది. వచ్చేలోపు నాలుగు మాటలు చెప్పాలి.

నువ్వు పంపిన వీడియోలో అర నిమిషానికే గుడ్డ మీద రాముడు నిలబడ్డాడు. ఇక్కడ కలంలోకి ఎక్కే నల్లరంగే దాదాపు 3 వారాలు ఊరాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూత పెడతాం. అదే కసిమి. గుడ్డనేమో కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండేస్తాం. పాలు పట్టిన గుడ్డ మీద రంగు పక్కకు పాకదు.

అన్నాళ్లూ ఏం చెయ్యమంటావత్తా అంటావు. చూడాలి. మా గోడకున్న పాత గుడ్డ ముందు రోజూ పొద్దున్నే చాప వేసుకుని కూర్చో. ఫొటో తియ్యకు. పది నిమిషాలకే చెయ్యి ఫోను వెతుక్కుంటుంది, ఫర్వాలేదు, లేవకు. ఒక్క గీత పట్టుకుని పో, సీతమ్మ భుజం నుంచి చీర కుచ్చిళ్ల దాకా. ఎక్కడ లావైంది, ఎక్కడ సన్నబడింది, ఎక్కడ కలం ఎత్తి మళ్లీ రంగులో ముంచారు, అవన్నీ కనపడాలి. నాకు నెల పట్టింది.

కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. దాని మీద ఉన్ని చుట్టి దారంతో కడతాం. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలో నేను నోటితో చెప్పలేను, నీ వేళ్లకే తెలియాలి. ఒకసారి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని గీస్తూ, మాటల్లో పడి గట్టిగా నొక్కేశాను. చుక్క సీతమ్మ చెంప మీద పడింది. పడ్డప్పుడు లేతగానే ఉంది, కరక్కాయ తగిలి నా కళ్ల ముందే నల్లబడింది. కసిమి చెరిగేది కాదు. 12 రోజుల పని. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పట్నుంచి పనిగదిలోకి ఫోను రాదు, నీదైనా సరే.

ఎరుపు సంగతి ఇంకా ఓపికది. పటిక నీళ్లు పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, ఎక్కడ తప్పామో రంగులో ఉడికించాక గానీ బయటపడదు. అది వచ్చాక చూద్దాం.

పాత చుడిదార్లు రెండు తెచ్చుకో, మరకలు పోవు. కసిమి కుండ ఇంకా పెట్టలేదు. బెల్లం నీ చేత్తోనే వేద్దువుగాని.

మీ అత్త