షూరిటీ సంతకం, ఉద్యోగం పోయిన స్నేహితుడు: సామెతల గ్రంథాన్ని ఎలా వాడుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటున్న మీరు అయిదుగురు, ఆదివారం తెలుగు ఆరాధనలో పరిచయమై, బైబిల్లోని సామెతల గ్రంథాన్ని రోజుకో అధ్యాయం చొప్పున చదవడం మొదలుపెట్టారు. రెండు వారాలు దాటేసరికి ఏదీ గుర్తుండడం లేదు. ఈలోగా మీ పెదనాన్నగారి అబ్బాయి పర్సనల్ లోనుకు షూరిటీ సంతకం అడిగాడు. మీలో ఒకరికి ఉద్యోగం పోయింది. అందరూ వాట్సాప్‌లో బైబిల్ వాక్యాలు పంపుతున్నారు, అతను మాత్రం జవాబివ్వడం మానేశాడు. ఈ గ్రంథం బతుకులో ఎలా పనికొస్తుంది అని అడిగారు.

ఈ మూడు ఇబ్బందులకూ వేరు ఒక్కటే. సామెతను దేవుడు రాసిచ్చిన హామీపత్రంలా చదువుతున్నారు. లోకం చాలామట్టుకు ఎలా నడుస్తుందో కనిపెట్టి, రెండు పాదాల్లో బిగించిన మాట సామెత. దానికి వేళ కావాలి, వినేవాడు కావాలి. మూర్ఖుడి నోట సామెత, తాగినవాడి చేతికి గుచ్చుకున్న ముల్లులాంటిదని ఆ పుస్తకమే 26:9లో (26వ అధ్యాయం, 9వ వచనం) చెబుతుంది. 26:4 మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబివ్వొద్దంటుంది, ఆ వెంటనే 26:5 ఇమ్మంటుంది. ఇది మనకేమీ కొత్త కాదు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న అమ్మమ్మే ‘నిదానమే ప్రధానం’ అని కూడా అంటుంది. ఏ పూటకు ఏది అన్నది తేల్చుకోవడం మన పని.

ముందు చదివే పద్ధతి సరిచేసుకోండి. అధ్యాయాలు 31, నెలకు రోజులు 31 కాబట్టి ఈ లెక్క అందరికీ నచ్చుతుంది. కానీ పుస్తకాన్ని కట్టిన తీరు వేరు. 1 నుంచి 9 వరకు తండ్రి కొడుకుకు చేసే దీర్ఘమైన ఉపదేశాలు. వాటిని అధ్యాయం చొప్పున వరసగానే చదవాలి, తొమ్మిది రోజులు చాలు. 10:1 నుంచి 22:16 వరకు 375 విడి సామెతలు. ఒకదానికి పక్కదానితో తరచుగా సంబంధం ఉండదు. పదో అధ్యాయంలోని 32 వచనాలు ఒక్క ఊపున చదివితే ముప్పై రెండు గుక్కల నీళ్లు ఒకేసారి గొంతులో పోసుకున్నట్టే. మీరు తడబడింది సరిగ్గా అక్కడే. 22:17 నుంచి ‘జ్ఞానుల మాటలు’. వీటికి ఐగుప్తులో దొరికిన ‘అమెనెమోపె ఉపదేశాలు’ అనే ప్రాచీన గ్రంథంతో దగ్గర పోలికలున్నాయి. 25 నుంచి 29 వరకు యూదా రాజు హిజ్కియా మనుషులు ఎత్తి రాసినవి, 30 ఆగూరు మాటలు, 31 లెమూయేలు రాజుకు తల్లి నేర్పినవి. తేదీ ప్రకారం చదివితే ఆ తల్లి మాటలు ఏడాదిలో అయిదు నెలలు అసలు చేతికే రావు.

10 నుంచి 29 వరకు మొత్తం 595 వచనాలు. రోజుకు అయిదు చదివితే 119 రోజులు, అంటే దాదాపు నాలుగు నెలలు. తొందరపడకండి. ఒక నోట్‌బుక్ తీసుకుని మాట, డబ్బు, కోపం, పని, పొరుగువాడు, ఇల్లు అని ఆరు భాగాలు చేసుకుని, ప్రతి వచనాన్నీ దాని భాగంలో రాయండి. రాసిన ప్రతిసారీ పక్కన దాని జోడు వెతకండి, అంటే ఆ మాటకు హద్దు గీసే వచనం. 10:4 బద్ధకంగా పనిచేసేవాడు దరిద్రుడవుతాడంటుంది. అది ఒక్కటే రాసుకుంటే, ఇక ప్రతి బీదవాడూ మీ కంటికి సోమరిగా కనబడతాడు. దాని పక్కన 13:23 రాయండి: బీదల పొలం విస్తారంగా పండినా అన్యాయం వల్ల నశించేవారు ఉన్నారు. 22:6, పిల్లవాడికి నడవవలసిన త్రోవ నేర్పమనేది, పిల్లలు దారి తప్పిన తల్లిదండ్రుల మీద నేరారోపణలా వాడుతుంటారు. ఆ పుస్తకంలోనే మంచి తండ్రి మాట పెడచెవిన పెట్టే కొడుకులు ఎంతమందో ఉన్నారు. ఈ జోడు వెతకడం మానేస్తే ఎన్ని వచనాలు కంఠతా వచ్చినా ఎదుటివాణ్ని కొట్టడానికి చేతికి కర్ర వచ్చినట్టే.

31వ అధ్యాయం గురించి ఒక మాట. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయిల తరఫువాళ్లు 10వ వచనం నుంచి మొదలుపెట్టి ‘గుణవతియైన భార్య’ జాబితా చదువుతారు. మొదటి తొమ్మిది వచనాలు కొడుకుకు అమ్మ చెప్పినవి: తాగకు, నోరులేనివాళ్ల తరఫున నోరు తెరువు. అవి చదివాకే మిగతావి చదవాలి. ఆ తర్వాతి 22 వచనాలు హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాలతో వరసగా మొదలయ్యే పద్యం. యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి దాన్ని ఇల్లాలిని పొగుడుతూ పాడతారు.

ఇక షూరిటీ. పాత అనువాదంలో ‘పూటపడుట’ అన్న మాట కనిపిస్తుంది. జామీను ఉండడం అని అర్థం. ఈ తరంవాళ్లకు ఆ మాట తెలియక దాటేస్తున్నారు. సామెతల్లో ఈ విషయం ఆరు చోట్ల వస్తుంది: 6:1-5, 11:15, 17:18, 20:16, 22:26-27, 27:13. ఇంత పట్టుబట్టి చెప్పిన డబ్బు సలహా ఆ పుస్తకంలో అరుదు. 22:27 అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే, నీ కింద పరుపు అప్పిచ్చినవాడు లాక్కుపోవడం ఎందుకు? కొలత అక్కడే ఉంది. మొత్తం అప్పు మీరే కట్టాల్సి వచ్చినా తట్టుకోగలరా?

లెక్క వేయండి. 5 లక్షలు, 14 శాతం వడ్డీ, 5 ఏళ్లు అయితే నెలకు సుమారు 11,634 రూపాయలు, మొత్తం 6.98 లక్షల దాకా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాయకపోతే, జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. బ్యాంకు ముందు అన్నయ్యను పీడించి, ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. ఆ అప్పు మీ సిబిల్ నివేదికలోనూ (బ్యాంకులు చూసే మీ అప్పుల చరిత్ర) కనబడుతుంది. రేపు మీరు ఇంటి లోనుకు వెళ్తే అడ్డు పడవచ్చు. డబ్బు చేతికి వచ్చేశాక ‘నా పేరు తీసేయండి’ అంటే, బ్యాంకు ఒప్పుకుని వేరే జామీనుదారుణ్ని తీసుకుంటేనో, అప్పు తీరితేనో తప్ప కుదరదు. చీటీ పాడుకున్నవాడికి పెట్టే షూరిటీ సంతకం కూడా ఇలాంటిదే. ‘ఊరికే ఫార్మాలిటీ’ అనే మాటకు అక్కడ విలువ లేదు.

అలాగని చేతులు దులుపుకోమని కాదు. 17:17, 17:18 పక్కపక్కనే ఉన్నాయి. నిజమైన స్నేహితుడు విడవక ప్రేమిస్తాడు, దుర్దశలో సహోదరుడవుతాడని మొదటిది. తెలివిమాలినవాడు పొరుగువాడికి పూటపడతాడని రెండోది. రెండూ కలిపి చదివితే దారి కనబడుతుంది: ఆదుకో, సంతకంతో కాదు. 3:28 చేతిలో ఉంచుకుని ‘రేపు రా’ అనొద్దంటుంది. కాబట్టి తిరిగి రాకపోయినా మీ ఇంటి అద్దె ఆగని మొత్తం ఎంతో తేల్చుకుని, అది అప్పుగా కాకుండా ఇచ్చేయండి. కాథలిక్ బైబిల్లో ఉన్న సీరా గ్రంథం 29వ అధ్యాయం మంచివాడు పొరుగువాడికి జామీను ఉంటాడని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే అది ఎంతమందిని ముంచిందో చెప్పి, శక్తి కొద్దీ సాయపడు, నువ్వు పడిపోకు అంటుంది. నా ఉద్దేశంలో ఇంతకన్నా సూటి సలహా లేదు.

చెప్పే తీరు కూడా ముఖ్యం. పెదనాన్నగారి ముందు, పెద్దమ్మ వింటుండగా ఫోన్లో కాదంటే అది అవమానమవుతుంది. అన్నయ్యతో విడిగా, ఆలస్యం చేయకుండా చెప్పండి: ‘అన్నయ్యా, షూరిటీ నేను పెట్టలేను. నా దగ్గర ఇంత ఉంది, తీసుకో, తిరిగి ఇవ్వక్కర్లేదు.’ వచనం ఎత్తి చూపించకండి. ఇప్పటికే సంతకం చేసి, లోను ఇంకా మంజూరు కాకపోతే 6:4-5 చదవండి. నిద్ర కూడా పోకుండా, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకోమంటుంది. రేపు ఉదయమే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి.

ఉద్యోగం పోయిన స్నేహితుడి దగ్గరికి సామెతలు పట్టుకెళ్లకండి. దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించడం, చలిరోజున పైబట్ట లాగేయడం లాంటిదని 25:20 హెచ్చరిస్తుంది. ఇక్కడ బైబిల్లోనే ఉన్న యోబు గ్రంథం కావాలి, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు కథ అది. స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఒక్కమాట మాట్లాడలేదు (2:13). వాళ్లు చేసిన మంచిపని అదే. నోరు తెరిచాక వాళ్లు చెప్పినవి చాలావరకు సామెతల్లాంటి మాటలే: మంచివాడు చెడడు, తప్పు చేసినవాడే నశిస్తాడు. 42:7లో దేవుడు వాళ్లమీద కోపించి, మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. మన ఇళ్లలో, దుకాణాల్లో గోడకు తగిలించే ‘నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు’ అన్న వచనం యోబు 8:7. పలికినవాడు ఆ ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు. పిల్లలందరినీ పోగొట్టుకున్న తండ్రికి, వాళ్లు పాపం చేసి ఉంటారని చెప్పిన నోటితోనే ఆ మాట అన్నాడు. ఆ వచనం పంపేముందు పై మూడు వచనాలు చదవండి.

గదికి వెళ్లి కూర్చోండి. పీజీ డబ్బు ఏ తేదీన కట్టాలో అడగండి, మీ కంపెనీలో రెఫరల్ ఉంటే ఆ రోజే పెట్టండి. అతనే చదువుదామంటే బైబిల్లోని మరో గ్రంథం, ప్రసంగి 9:11 తెరవండి: వడిగలవారు పరుగులో గెలవరు, కాలవశం, అదృష్టవశం అందరికీ ఎదురవుతాయి. తప్పంతా నాదే అనుకుంటున్నవాడికి అది ఊపిరి. అయితే ఆ గ్రంథంలోని ‘సమస్తము వ్యర్థమే’ దగ్గర జాగ్రత్త. హెబ్రీలో అక్కడున్న మాట హెబెల్, ఆవిరి లేదా ఊపిరి అని అర్థం. కయీను చంపిన తమ్ముడు హేబెలు పేరూ అదే మాట. కుంగిపోయినవాడు ‘వ్యర్థము’ను ‘నేను పనికిరాను’ అని వింటాడు. అక్కడ ‘ఆవిరి’ అని చదివి వినిపించండి. తర్వాత 11:6: ఉదయం విత్తు, సాయంత్రం కూడా చెయ్యి వెనక్కి తీయకు, ఏది ఫలిస్తుందో నీకు తెలియదు. వారానికి ఒక్క కంపెనీకి దరఖాస్తు చేసి దాని జవాబు కోసం కూర్చోవడం కన్నా, పొద్దున రెండు, సాయంత్రం రెండు పంపడం ఆ వచనానికి దగ్గర. ఆ నాలుగింటికీ ప్రొఫైల్ సరిదిద్దడంలో మీలో ఒకరు రోజూ అరగంట అతని పక్కన కూర్చోండి.